పెంపుడు కుక్క అన్నము మానినప్పుడు

మహాభారతము ఆదిపర్వమునందు సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయ మహారాజు యాగము చేయుచుండిన తావునకు సరమ కుమారుడు ఆడుకొనుచు రాగా, రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు హవిస్సును ముట్టలేదు. దానివంక చూడనైన లేదు. అంతట సరమ రాజునొద్దకు వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డను ఏల కొట్టిరని న్యాయమడిగెను. ఆ కుక్కపిల్ల పక్షమున మాటలాడుటకు తల్లి యుండెను. మన యిండ్లలోని కుక్కలకు అట్టి తల్లి లేదు. అవి ఆత్రముగా తినినచో తిండిపోతులని తిట్లు పడును. తినకున్నచో పొగరుబోతులని దెబ్బలు పడును. తమ కడుపులోని బాధను చెప్పుకొనుటకు వానికి మాట లేదు.

మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పెక్కుమంది యిండ్లలో కుక్కలు కలవు. వానికి పూటపూటకు అన్నము పెట్టు పని తరచుగా పిల్లలదే యగుచున్నది. “మా కుక్క రెండు దినములనుండి ఏమియు తినుట లేదు, ఏమి చేయవలెను?” అని అడుగువారు కలరు. “పాలన్నము పెట్టినచో మూతి త్రిప్పుకొనును, బిస్కత్తు చూపినచో పరుగెత్తి వచ్చును” అని చెప్పువారును కలరు. ఈ రెండును ఒకే చిక్కువలె కనబడును గాని, ఇవి వేరువేరు. మొదటిది ప్రాణమునకు సంబంధించినది కావచ్చును. రెండవది అలవాటునకు సంబంధించినది. ఈ భేదమును గుర్తించుట ఎట్లో, గుర్తించిన పిదప ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో, మా చదువరులకు విశదపరచుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

కుక్క యొక్క ఆహారస్వభావము

కుక్క తోడేలు వంశమునకు చెందిన జంతువు. తోడేలు ప్రతిదినమును వేళకు భోజనము చేయునది కాదు. వేట దొరికిననాడు కడుపు పట్టినంత మ్రింగును, దొరకనినాడు పస్తుండును. కుక్క తన యన్నమును నమలక గుటుక్కున మ్రింగుట ఈ పూర్వవాసన వలననే. ఎదిగిన కుక్క నోట 42 దంతములుండును. అవి పట్టుటకును, చీల్చుటకును, కొరుకుటకును తగినవే గాని, మన దంతములవలె మెత్తగా నూరుటకు తగినవి కావు.

అయినను కుక్క తోడేలువలె కేవల మాంసాహారి కాదు. స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు తోడేళ్ల జన్యువులను, కుక్కల జన్యువులను పోల్చిచూచి 2013 వ సంవత్సరమున ఒక ముఖ్యవిషయమును ప్రకటించిరి. పిండిపదార్థమును జీర్ణము చేయు అమైలేసు అను రసమునకు మూలమైన జన్యువు తోడేలునందు 2 ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలయందు 4 మొదలు 30 వరకు ఉన్నవి. మనుష్యుడు సేద్యము నేర్చి ధాన్యము తిన నారంభించిన పిదప, అతని వాకిట పెరిగిన కుక్కయు ధాన్యము నరిగించుకొనుటకు అలవాటుపడెనని దీనివలన ఊహింపబడుచున్నది. కావున ఉడికిన అన్నము కుక్కకు సరిపడదని కొందరు చెప్పుమాట నిజము కాదు. అన్నము మాత్రమే చాలునను మాటయు నిజము కాదు. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

కుక్కకు రుచికంటె వాసన ప్రధానము. మన నాలుకపై రుచి తెలుపు మొగ్గలు సుమారు 9,000 ఉండగా, కుక్క నాలుకపై సుమారు 1,700 మాత్రమే కలవు. దాని ముక్కు మాత్రము మన ముక్కుకంటె అనేక మడుగులు చురుకైనది. అది మొదట ముక్కుతో భుజించి, పిమ్మట నోటితో భుజించునని చెప్పవచ్చును. చల్లారి గట్టిపడిన అన్నమును విడిచి, గోరువెచ్చని అన్నమును తినుటకు కారణమిదియే. వెచ్చదనము వలన వాసన పైకి లేచును. జలుబుచేసి ముక్కు మూసికొనిపోయిన కుక్క ఆకలి యున్నను తినకపోవుటకును కారణమిదియే.

ఆకలి యననేమి?

“ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు” అని మన పెద్దలనిరి. ఇందు ఆకలి వేరు, రుచి వేరు అను సత్యమిమిడి యున్నది. ఆకలి శరీరమునకు ఇంధనము కావలెనను కోరిక. కడుపు ఖాళీ యైనప్పుడు దాని గోడలలో గ్రెలిను అను రసము పుట్టి, రక్తములో కలిసి, మెదడునకు ఈ వార్తను చేర్చును. కడుపు నిండినప్పుడు వేరు రసములు చాలునను వార్తను చేర్చును. ఇట్లు మెదడు ఈ రెండు వార్తలను తూచి చూచుచు, తినుమనియో చాలింపుమనియో ఆజ్ఞ యిచ్చును. జ్వరమును, నొప్పియు, భయమును ఈ తక్కెడను చెరచును.

రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవు కుక్కల జీర్ణక్రియను దీర్ఘకాలము పరిశోధించి, ఆ కృషికై 1904 వ సంవత్సరమున నోబెలు బహుమానము నందెను. ఆయన పరీక్షలలో కుక్క తినిన ఆహారము కడుపులోనికి పోకుండ మెడయొద్దనే వెలికి జారిపోవునట్లు శస్త్రక్రియ చేయబడెను. అయినను, ఆహారమును చూచి, మూర్కొని, కోరి తినినంతమాత్రముననే ఆ కుక్క కడుపులో జీర్ణరసము ధారాళముగా ఊరెను. దీనినిబట్టి, ఆహారము కడుపు చేరుటకు ముందే ఇష్టము జీర్ణక్రియను ప్రారంభించునని తెలియుచున్నది. అమెరికా దేశపు వాల్టరు కానను 1915 లో ప్రకటించిన గ్రంథమున మరియొక పరీక్ష చెప్పబడినది. ఒక కుక్కకు పిల్లిని చూపి కోపము రేపి, పిమ్మట ఆహారము పెట్టగా, జీర్ణరసము మిక్కిలి కొలదిగా మాత్రమే ఊరెను. కొట్టి తిట్టి అన్నము తినిపింప జూచువారు ఈ రెండు పరీక్షలను జ్ఞాపకముంచుకొనవలెను. భయముతో మ్రింగిన అన్నము అరుగదు. క్రొత్త యింటికి వచ్చిన కుక్కయు, యజమాని ఊరికి పోయినప్పుడు విడువబడిన కుక్కయు, బాణసంచా మ్రోతకు బెదరిన కుక్కయు ఒకటి రెండు పూటలు తినకపోవుట ఇందువలననే.

తినకపోవుటకు మూడు కారణములు

అన్నము ముట్టని కుక్కలను మేము మూడు తెగలుగా విభజించుచున్నాము: తినుటకు అవసరము లేనివి, తినగోరియు తినజాలనివి, తినగోరిక నశించినవి. మీ కుక్క ఏ తెగలోనిదో నిర్ణయించినచో సగము పని తీరినట్లే.

మొదటి తెగ కుక్క చురుకుగా తిరుగును, తోక ఆడించును, దాని యొడలు చిక్కదు. దాని కడుపు వేరుచోట నిండినది. ఒక చిన్న లెక్క వేసిచూతము. 10 కిలోల బరువుగల యెదిగిన పెంపుడు కుక్కకు దినమునకు సుమారు 600 కాలరీల యాహారము చాలును. ఒక చిన్న తీపి బిస్కత్తునందు 20 మొదలు 25 కాలరీల వరకు కలవు. ఇంటివారిలో ముగ్గురు తలకు రెండేసి బిస్కత్తులు పెట్టినచో, దాని దినాహారములో అయిదవవంతు తీరినట్లే. అటుపై అవ్వ పెట్టిన దోసె ముక్కయు, పొరుగువారు వేసిన పూరీయు చేరినచో, రాత్రి పళ్లెమునకు ఆకలి మిగులదు. కుక్క చేసిన తప్పేమియు లేదు; అది లెక్క ప్రకారమే నడచినది. పైగా, అన్నము మానినచో బిస్కత్తు వచ్చునని ఒకటి రెండు పర్యాయములు గ్రహించెనా, ఆ పాఠమును మరువదు. దీనికి మందు సులభము. చిరుతిండి దినాహారములో పదియవవంతు మించరాదు. వేళకు పళ్లెము పెట్టి, 20 నిమిషములు చూచి, తినకున్నచో కోపపడక తీసివేసి, మరల వేళ వచ్చువరకు నీరు తప్ప మరేమియు పెట్టరాదు. ఆరోగ్యముగల యెదిగిన కుక్క ఒకటి రెండు దినములలో దారికి వచ్చును. అయితే కూనలకును, ముసలి కుక్కలకును, రోగము సోకినవానికిని ఈ పద్ధతి పనికిరాదు.

రోహిణికార్తె యెండలలో కుక్కలు తక్కువ తినుటయు ఈ తెగలోనిదే. మనవలె ఒడలెల్ల చెమర్చి చల్లబడుటకు దానికి వీలు లేదు. రొప్పుటయే ప్రధానమైన ఉపాయము. ఉదయము ఎండ ముదరక మునుపును, ప్రొద్దుగ్రుంకిన పిదపను అన్నము పెట్టి, నీడను, నీటిని సమృద్ధిగా ఉంచినచో చాలును.

రెండవ తెగ కుక్క పళ్లెమునొద్దకు ఆశతో వచ్చును, మూర్కొనును, ఒక ముద్ద నోటబెట్టుకొని జారవిడుచును, లేక కుయ్యని అరచి వెనుకకు పోవును. దాని దంతములకు గార పట్టి చిగుళ్లు వాచియుండవచ్చును, పన్ను విరిగియుండవచ్చును, ఎముక ముక్క అంగిట అడ్డుపడియుండవచ్చును. ఇట్టి కుక్కను పశువైద్యునికి చూపవలెను.

ఇచ్చట మా చదువరులకు ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. దీనిని మాత్రము దయచేసి రెండుమారులు చదువుడు. కుక్క దవడ వ్రేలాడి, చొల్లు కారుచు, మ్రింగలేక బాధపడుచు, గొంతు మారి అరచుచున్నచో, “గొంతులో ఎముక గ్రుచ్చుకొన్నది కాబోలు” అని జాలిపడి నోట చేయి పెట్టుట ఎన్నడును కూడదు. అది పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిసు కావచ్చును. ఆ వ్యాధి సోకిన ప్రతి కుక్కయు కరవ వచ్చునని తలచుట పొరపాటు. కొన్ని మూగపడి, మూల నొదిగి, మ్రింగలేకుండ నుండును. దాని చొల్లు మన చేతి గీతపై పడినను అపాయమే. అట్లు పడినచో, లేక కరచినచో, వెంటనే సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. వ్యాధిలక్షణములు కనబడిన పిదప మనుష్యుని బ్రదికించుట దాదాపుగ అసాధ్యము. లక్షణములకు ముందు టీకా వేయించినచో ఆ వ్యాధిని ఆపవచ్చును. పెద్దలు కోపగింతురని కాటును దాచిపెట్టు బాలుడు తన ప్రాణమునే పణముగా పెట్టుచున్నాడు. కుక్కకు మూడు నెలల వయస్సున మొదటి టీకాయు, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులకు మరల టీకాలును వేయించుట ఇంటివారందరికిని రక్ష.

మూడవ తెగ కుక్కకు ఆహారమనిన విముఖత కలుగును. తనకు ప్రియమైన మాంసపు ముక్కను చూపినను మొగము త్రిప్పుకొనును. ఇది రోగలక్షణము. మన ప్రాంతములలో దీనికి తరచుగా కనబడు కారణములు కొన్ని చెప్పుచున్నాము. పిడుదులు కరచుటవలన కలుగు జ్వరము వానిలో నొకటి. పిడుదు రక్తము త్రాగుచు సూక్ష్మక్రిములను లోపల విడుచును. కొన్ని వారములలో జ్వరమును, నీరసమును, చిగుళ్లు పాలిపోవుటయు, ఒకప్పుడు ముక్కునుండి రక్తము కారుటయు కనబడును. సకాలమున మందు పడినచో కుక్క కోలుకొనును. కూనలలో పార్వో అను వ్యాధి మిక్కిలి భయంకరమైనది. ఇది 1978 లో మొదట గుర్తింపబడినది. కూన మొదట అన్నము మానును. పిదప వాంతులు, రక్తవిరేచనములు పట్టుకొనును. వైద్యము లేనిచో కొలది దినములలో ప్రాణము పోవును. టీకాలు 6 మొదలు 8 వారముల వయస్సున ప్రారంభించి, క్రమము తప్పక పూర్తిచేయించినచో ఈ వ్యాధి భయము చాలవరకు తీరును.

ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారముల పిమ్మట అన్నము మాని, నీరు విపరీతముగా త్రాగుచున్నచో, గర్భాశయమున చీము చేరియుండవచ్చును, ఒక్కదినమైన ఆలసింపరాదు. ముసలి కుక్కలలో మూత్రపిండములు చెడుటవలనను, కాలేయము చెడుటవలనను ఆకలి నశించును. మామిడిపండ్ల దినములలో టెంకను మ్రింగిన కుక్కకు అది ప్రేగున అడ్డుపడి, తినినదెల్ల కక్కుచు, తుదకు తినుట మానును. మొక్కజొన్న కండెయు నిట్టిదే. రొమ్ము లోతుగల పెద్దజాతి కుక్క కడుపు ఉబ్బి, కక్కబోయియు కక్కలేక తిరుగాడుచున్నచో, అది కడుపు మెలిపడుట కావచ్చును. అట్టి కుక్కకు గంటలే గడువు.

కొన్నిమారులు మందే అరుచికి కారణమగును. చేదుమందును ప్రతిదినమును అన్నములో కలిపినచో కుక్క ఆ అన్నమునే ద్వేషింప నారంభించును. మందును వేరుగా, చిన్న ముద్దలో దాచి ఇచ్చుట మేలు.

ఇంట పరీక్షించు విధము

వైద్యునియొద్దకు పోవుటకు ముందు ఈ క్రింది విషయములను చూచి, కాగితముపై వ్రాసికొనిపోయినచో, ఆయనకు మిక్కిలి సహాయమగును. కుక్క కడపట ఎప్పుడు తినినది? నీరు త్రాగుచున్నదా? వాంతులు, విరేచనములు కలవా? మూత్రము పోయుచున్నదా? ఇంట ఏ వస్తువైన మాయమైనదా? పిదప, కుక్క మనల నెరిగినదై, శాంతముగా నుండి, పైన చెప్పిన అపాయలక్షణము లేవియు లేనిచో మాత్రమే, పెద్దలు దాని పెదవిని మెల్లగా ఎత్తి చిగుళ్లను చూడవలెను. అవి గులాబివర్ణముగా నుండవలెను. తెలుపైనను, పసుపైనను, నీలమైనను కీడు. మెడ వెనుకటి చర్మమును మెల్లగా ఎత్తి విడిచినచో వెంటనే సర్దుకొనవలెను. మడత నిలిచియున్నచో శరీరమున నీరు తగ్గినదని యర్థము. కుక్క సహజోష్ణత ఫారన్‌హీటు కొలతలో 101 మొదలు 102.5 వరకు ఉండును. అది మనదానికంటె హెచ్చు. కావున చెవి వెచ్చగా నున్నదని జ్వరముగా భావింపరాదు. ముక్కు పొడిగా నున్నచో జ్వరమనుటయు నమ్మదగిన గురుతు కాదు.

ఎదిగిన కుక్క చురుకుగా నుండి, నీరు త్రాగుచు, ఒక దినము తినకున్నచో కనిపెట్టి చూడవచ్చును. ఒక దినము మించినచో వైద్యుని చూడవలెను. కూన సగము దినము తినకున్నను ఆలసింపరాదు. దాని యొడలిలో దాచుకొనిన శక్తి కొలది. వాంతి, విరేచనము, జ్వరము, నీరసము, శ్వాసకష్టము వీనిలో ఏ యొక్కటి తోడైనను వెంటనే పోవలెను.

ఈ నడుమ చేయరాని పనులు రెండు. నోరు పెగల్చి పాలో గంజియో పోయుట మొదటిది. అది ఊపిరితిత్తులలోనికి పోయి క్రొత్త రోగమును తెచ్చును. మనుష్యుల జ్వరపు మాత్రలను, నొప్పి మాత్రలను ఇచ్చుట రెండవది. పారాసిటమాలు, ఇబుప్రొఫెను మొదలగునవి కుక్క కాలేయమునకో, కడుపునకో, మూత్రపిండములకో హానిచేయును.

అతిగా తిను కుక్క

తినని కుక్కను గూర్చి విచారించువారు కలరు గాని, అతిగా తిను కుక్కను చూచి సంతోషించువారే ఎక్కువ. ఇదియు పొరపాటే. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే ఆకలి హెచ్చు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016 లో లాబ్రడారు జాతి కుక్కలను పరీక్షించి, నూటికి సుమారు 23 కుక్కలయందు ఆకలి తీరినదను వార్తను మెదడున పుట్టించు జన్యువొకటి లోపించినదై యున్నట్లు కనుగొనిరి. అట్టి కుక్క ఎంత తినినను ఇంకను ఆకలిగొన్నట్లే చూచును. దాని కన్నులను నమ్మక, కొలతను నమ్మవలెను.

కొలత వలని లాభమును తెలుపు పరీక్ష యొకటి అమెరికాలో జరిగినది. 48 లాబ్రడారు కూనలను రెండేసిగా జతపరచి, ప్రతి జతలో ఒకదానికి రెండవదానికంటె నూటికి 25 వంతులు తక్కువ ఆహారము జీవితాంతము పెట్టిరి. 2002 లో ఫలితము ప్రకటింపబడినది. ఎక్కువ తినినవాని మధ్యస్థాయువు 11.2 సంవత్సరములు, తక్కువ తినినవానిది 13.0 సంవత్సరములు. కీళ్లనొప్పులును తక్కువ తినినవానికి ఆలస్యముగా వచ్చెను. ప్రేమతో పెట్టిన అదనపు ముద్దలు కుక్క ఆయువులో సుమారు రెండేండ్లను హరించెనని చెప్పవచ్చును.

మీ కుక్క లావెక్కినదో లేదో తెలియుటకు తూనిక అక్కరలేదు. మీ చేతిని చాచి, వ్రేళ్ల వెనుకటి యెముకలను రెండవచేతితో తడిమిచూడుడు. కుక్క ప్రక్కటెముకలు అట్లు తగిలినచో బరువు సరిగా నున్నది. పిడికిలి గణుపులవలె తగిలినచో చిక్కినది. అరచేతి మెత్తనవలె నున్నచో బలిసినది.

ఎక్కువ తినుచున్నను చిక్కిపోవు కుక్క వేరు. ఏలికపాములు, బద్దెపురుగులు, మధుమేహము, క్లోమరసము చాలకపోవుట ఇందుకు కారణములు. మన్నును, సున్నపు పెళ్లలను నాకుటకును పురుగులుగాని, రక్తలేమిగాని, ఆహారలోపముగాని కారణమై యుండవచ్చును. ఈ ఏలికపాముల గ్రుడ్లు మట్టిద్వారా పిల్లల కడుపులోనికి పోయి హానిచేయును. కావున కూనలకు వైద్యుడు చెప్పిన గడువులకు పురుగులమందు వేయుటయు, కుక్కతో ఆడుకొనిన పిదప చేతులు కడుగుకొనుటయు ముఖ్యము.

ఏమి పెట్టవలెను?

పూర్వము అమెరికా దక్షిణభాగమున కుక్కలకు నల్లనాలుక అను రోగము వచ్చుచుండెను. మొదట అన్నద్వేషము కలుగును. పిదప నోరు పుండై, నాలుక నల్లబడి చచ్చును. మొక్కజొన్నయే ప్రధానాహారముగాగల పేదలకు వచ్చు పెల్లాగ్రా రోగమునకు ఇది తోబుట్టువని జోసెఫు గోల్డుబర్గరు చూపెను. 1937 లో కొన్రాడు ఎల్వెహీము నికోటినికు ఆమ్లము అను విటమిను నిచ్చి నల్లనాలుకను నయముచేసెను; పిమ్మట అదే మందు మనుష్యులను కాపాడెను. జొన్నలే తిను మన దక్కను పేదలలోను పెల్లాగ్రా యుండెను. హైదరాబాదునందలి పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలను మొదలగువారు 1960 దశకమున ఈ విషయమును పరిశోధించినప్పుడు కుక్కపిల్లల నల్లనాలుకయు వారి పరీక్షలలో చేరియుండెను. ఎముకలు వంగిపోవు రికెట్సు రోగమునకు ఆహారలోపమే కారణమని ఎడ్వర్డు మెల్లన్బీ 1919 ప్రాంతమున ఇంగ్లండున నిరూపించినదియు కుక్కపిల్లలకు గంజివంటి ఆహారము పెట్టియే. మన పిల్లల పళ్లెములలోని మేలునకు కుక్కల పళ్లెములు ఋణమిచ్చినవి. ఆ ఋణము తీర్చుట మన ధర్మము.

కావున ఒక్క ధాన్యముతో పెంచిన కుక్క కడుపు నిండియు పస్తున్నట్లే. అన్నముతో పాటు గ్రుడ్డు, చేప, మాంసము వీనిలో ఏదైన ఉడికించి కలుపవలెను. శాకాహారుల యిండ్లలో మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, వీలైనచో గ్రుడ్డు పెట్టుచు, లోపము లేకుండ వైద్యుని సలహా పొందవలెను. పాలు కొన్ని కుక్కలకు విరేచనములు పుట్టించును. పెరుగు వానికి తేలిక. మాంసము మాత్రమే పెట్టుటయు తప్పే. అందు కాల్షియము మిక్కిలి తక్కువ. మనవలె ఎండలో నిలిచి కావలసినంత డి విటమినును చర్మమున పుట్టించుకొను శక్తి కుక్కకు లేదు. అది ఆహారమునుండియే రావలెను.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను చెరచును. కావున మన కూర, పులుసు, సాంబారు కలిపిన అన్నము దానికి తగదు. ద్రాక్షయు, పాయసములోని కిస్‌మిసును మూత్రపిండములకు విషము. చాక్లెట్టు గుండెను, నరములను రేపును. చక్కెర లేని చూయింగుగమ్ములలో వాడు జైలిటాలు ప్రాణాంతకము. ఉడికిన కోడియెముకలు సూదులవలె చీలి ప్రేగులను గ్రుచ్చును.

పెట్టు విధము

కూనకు మూడు నెలల వరకు దినమునకు నాలుగుమారులు, ఆరు నెలల వరకు మూడుమారులు, అటుపిమ్మట రెండుమారులు పెట్టుట మంచిది. ఆహారమును మార్చవలసినచో ఒక్కసారిగా మార్చక, వారము దినములలో కొంచెము కొంచెముగా క్రొత్తదానిని చేర్చవలెను. చాలదినములు పస్తున్న వీధికుక్కను చేరదీసినచో, జాలిపడి ఒక్కసారి కడుపునిండ పెట్టరాదు. కొలది కొలదిగా పలుమారులు పెట్టవలెను. తినుచున్న కుక్కను తాకుటయు, దాని పళ్లెము లాగుటయు, ఎముక తీసికొనుటయు పిల్లలు ఎన్నడును చేయరాదు. ఎంత సాధువైన కుక్కయైనను ఆ నిమిషమున తోడేలే. మంచినీటి గిన్నె సదా నిండియుండవలెను. దానిని ప్రతిదినమును కడుగవలెను.

పళ్లెము పెట్టి వెడలిపోవుట అన్నము పెట్టుట యనిపించుకొనదు. తినినదో లేదో నిలిచి చూచుటయే అన్నము పెట్టుట. కుక్క తన రోగమును మనకు తెలుపు విధములలో తినకపోవుట మొదటిది, తరచుగా అదియొక్కటే. ఆ మూగమాటను పొగరనుకొని కొట్టువాడు రోగమును దాచిపెట్టినవాడగును; విని వైద్యునికి చేరవేయువాడు ప్రాణమును నిలిపినవాడగును. సరమ తన బిడ్డకై రాజసభలో పలికిన మాటను మన యింటి మూగజీవికై మనము పలుకవలసి యున్నది.